సరిత ఆగిన చోట

మా చెల్లెలు సరిత తన బిడ్డను వెంటబెట్టుకుని భూపాలపల్లి నుంచి వచ్చిన రోజు నేను పొద్దుటి నుంచే అలసిపోయి ఉన్నాను. జబ్బేమీ లేదు. ఈ మధ్య లేవడమే అలసటతో లేస్తున్నాను. దేవుడి దయ, పడుకునే వేళకు కూడా అది అంతే ఉంటుంది, పెరగదు. సరిత భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడు, సెలవు దొరకక రాలేకపోయాడట. తల్లీబిడ్డలు హైదరాబాద్ పోతూ దారిలో లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో రెండు రోజులు ఆగారు. శ్రీనిధికి పదకొండేళ్లు. టీవీలో వచ్చే పిల్లల పాటల పోటీకి ఎంపికలు జరుగుతున్నాయని, ఫోన్లో పంపిన పాట విని రమ్మన్నారని సరిత ముందే చెప్పింది. ఆ పిల్ల వస్తూనే స్టీలు చెంబుకు ఫోన్ ఆనించి, వాయిద్యాలు మాత్రమే వినిపించే పాట పెట్టుకుని, నిటారుగా నిలబడి దండం పెట్టింది. "నమస్తే అండీ, నా పేరు శ్రీనిధి. నేను భూపాలపల్లి నుంచి వచ్చానండీ."

"గింత మర్యాద మనింట్ల ఎవలకుందే?" అన్నాను నవ్వుతూ.

"ఊకో అక్కా," అంది సరిత. "టీవీల గట్లనే మాట్లాడాలె. మన లెక్క మాట్లాడితె నవ్వుతరు."

పిల్ల పాడుతుంటే సరిత గోడకు ఆనుకుని కూర్చుని పెదవులు కదిపింది. గొంతు మాత్రం లేదు. ఆ పెదవులు చూసేసరికి, ఇన్నేళ్లుగా నేను సరితకు చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి మళ్లీ గుర్తొచ్చింది. కాన్పులకు వచ్చినప్పుడు చెప్పలేదు, బాపు పోయినప్పుడు పక్కపక్కన పడుకుని కూడా చెప్పలేదు. ఈసారీ చెప్పకుండా పంపిస్తే ఇక ఈ జన్మకు చెప్పననిపించింది.

ఆ మాట అర్థం కావాలంటే మా ముందరి గది సంగతి చెప్పాలి. మా బాపు బట్టలు కుట్టేవాడు. ముందరి గదిలో కిటికీ కింద మిషన్, దాని పక్కన నా గోనెపట్టా. కొత్త బట్ట గంజి వాసన, మిషన్ నూనె వాసన, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకునే వాసన, సాయంత్రం కలుపు తీసి వచ్చిన అమ్మ చీర అంచున తడి మట్టి వాసన, ఈ నాలుగింటి మధ్య నేను పెరిగాను. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా కాళ్లు చచ్చుబడ్డాయి. బడి ముఖం చూడలేదు. బాపే బట్ట మీద గీసే సుద్దముక్కతో పనికిరాని పేలికల మీద అక్షరాలు రాసి ఇచ్చేవాడు, నేను దిద్ది, దులిపి, మళ్లీ దిద్దేదాన్ని. అట్లా నల్లగుడ్డ మీద నేర్చుకున్న చదువు నాది. ఇవాళ ఈ నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే ఆ పేలికల పుణ్యమే. కాళ్లు తీసుకున్నవాడే అంత ఓపికగల తండ్రినీ ఇచ్చాడు. లెక్క ఎప్పుడు చూసుకున్నా నాకు ఎక్కువే ముట్టినట్టు ఉంటుంది.

మా నాయినమ్మను అవ్వ అనేవాళ్లం. తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి, స్నానం చేసి, తడి జుట్టుతోనే రామా రామా అనుకుంటూ పొయ్యి ముట్టించేది. చదువు రాదు, పాటలు మాత్రం లెక్కలేనన్ని. శనివారం సాయంత్రం హనుమాన్ గుడి అరుగు మీద భజన అవ్వదే. నడుముకు కొంగు దోపుకుని, గుడ్డలో చుట్టిన తాళాలు విప్పి, ఒక వరుస పాడి ఆగేది. అరుగు మీద ఉన్నవాళ్లంతా అదే వరుసను అందుకుని రెండుసార్లు పాడేవాళ్లు. అప్పటిదాకా అవ్వ ఊపిరి తీసుకునేది. వాళ్లు ముగించాకే రెండో వరుస. మా ఇంట్లో పాట అంటే అదే. ఒకరు మొదటి నుంచి చివరిదాకా పాడేది పాట అని మాకు ఎవరూ చెప్పలేదు.

సరితది గట్టి గొంతు, గంటలాంటి గొంతు. అవ్వ దానికి పాటలు చెప్పేది, ఇంట్లో అందుకునే పని నాది. సరిత తొందరపడి రెండో వరుసలోకి పోతే అవ్వ తాళంతో నెత్తిన మెల్లగా మొట్టేది. "నీ వంతు నువ్వు పాడి ఊకోవే పోరీ. వాళ్లు అందుకునేదాక నోరు తెరువకు. మొత్తం నువ్వే పాడుకుంటె దేవునికి నువ్వొక్కదానివే కనబడుతవు, వీళ్లు కనబడరు."

అప్పుడు వచ్చింది టీవీ. బాపు జనగామలో ఎవరో అమ్ముకుంటుంటే తెచ్చాడు. వారానికి ఒక సాయంత్రం పిల్లల పాటల పోటీ. మెరిసే గౌన్ల పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాడుతుంటే, కుర్చీల్లో కూర్చున్న పెద్దలు తప్పులు చెప్పేవాళ్లు. నేను ఆ కార్యక్రమాన్ని తిట్టలేను. శ్రుతి అనే మాటకు అర్థం నాకు అక్కడే తెలిసింది. గడప దాటని నాకు విశాఖపట్నం పిల్ల, తిరుపతి పిల్లవాడు ఇంటికొచ్చి పాడి పోయినట్టు ఉండేది. ఆ వేళకు వాడకట్టు మొత్తం మా ముందరి గదిలో కూర్చునేది. ఎవరైనా దగ్గినా ఊరుకునేవాళ్లు కాదు. "ష్, పాడుతాంది గద!" అని మూతి మీద వేలు పెట్టేవాళ్లు. శనివారం అరుగు మీద గొంతు చించుకునే మనుషులే అక్కడ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. అవ్వకు అది మింగుడుపడేది కాదు. "ఆ పిల్ల పాపం ఒక్కతే పాడుతాంది, ఒక్కలన్న అందుకోరేందే?" అనేది. అందరూ నవ్వేవాళ్లం.

ఏడాది తిరక్కుండానే ఊరు మారిపోయింది. ఆడవాళ్లు బట్ట పట్టుకొచ్చి, "అన్నా, నిన్న టీవీల ఆ పిల్ల ఏసుకున్న గౌను లెక్క కుట్టు" అనేవాళ్లు. బుట్ట చేతులు, నడుము వెనక పెద్ద ముడి. బాపు అట్లాంటివి ఎన్నడూ కుట్టలేదు. పోటీ వస్తున్నంత సేపు మెడలో టేపు వేసుకుని, ఒళ్లో బట్ట పరిచి, టీవీ చూస్తూ గీతలు గీసేవాడు. "జర అటు తిరుగరాదే బిడ్డా," అని టీవీలోని పిల్లను బతిమాలేవాడు, "వెనక కుట్టు కనబడుతలేదు." పిల్లలు గచ్చకాయలు ఆడటం మాని, గరిటె మైకులా పట్టుకుని పాడటం మొదలుపెట్టారు. ఒకతి పాడితే మిగతా ముగ్గురు కుర్చీల్లో కూర్చుని మార్కులు వేయాలి. మార్కులు వేసేటప్పుడు వాళ్లందరూ 'అండీ' అనేవాళ్లు. ఆటలో ఎప్పుడూ పాడేవాళ్లకంటే తప్పు చెప్పేవాళ్లకే గిరాకీ.

ఆ పోటీకి జనగామలో ఎంపికలు పెడుతున్నారని తెలిసినప్పుడు సరిత పేరు ఇవ్వమని పట్టుబట్టింది నేనే. సరితకు అప్పుడు పదేళ్లు, నాకు పద్నాలుగు. పాట కూడా నేనే ఎంచాను. అది అవ్వ సొంతంగా కట్టుకున్న పాట. ఎండలవడి వచ్చినవా రామయ్యా, ఎవలిచ్చిరి నీకు మంచినీళ్లు, అని మొదలవుతుంది. అందరూ సినిమా పాటలు పాడతారు, దేవుడి పాటను ఎవరు కాదంటారనుకున్నాను. నెల రోజులు మిషన్ పక్కన సాధన చేశాం. సరిత ఒక వరుస, నేను రెండుసార్లు, మళ్లీ సరిత. మా ఇంట్లో ఒక్కరికి కూడా ఆ టీవీ పిల్లలు ఒంటరిగా పాడుతున్నారన్న సంగతి తట్టలేదు. ప్రతి వారం కళ్లారా చూస్తూనే ఉన్నాం. అయినా అది వాళ్ల పాట, ఇది మన పాట అన్నట్టే ఉంది మాకు.

"అక్క రాకుంటె నేను పోను," అని సరిత మొండికేసింది. బాపు నన్ను ఎత్తుకుని బస్సెక్కించాడు, జనగామలో దిగి మళ్లీ ఎత్తుకుని ఫంక్షన్ హాలు దాకా నడిచాడు. అవ్వ మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది. హాలు బయట ఎండలో పిల్లలు, తల్లులు, పౌడరు, మల్లెపూలు. మా ముందు మానుకోట దిక్కు తండా నుంచి రైల్లో వచ్చిన తండ్రీకూతుళ్లు ఉన్నారు. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకుంటున్నారు. ఆ పిల్ల సినిమా పాటను టీవీలో విన్నది విన్నట్టు, చేతులు తిప్పడంతో సహా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వల్లె వేస్తోంది. "మా ఇంట్ల తెలుగు లేదన్నా," అన్నాడు తండ్రి బాపుతో, సంబరంగా. "మొత్తం టీవీ చూసే నేర్చింది." ఆ పిల్ల నెగ్గింది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పిల్లతో ఒక్క మనిషే లోపలికి రావాలన్నారు. బాపు నన్ను తెచ్చి వెనక వరుసలో కుర్చీలో కూర్చోబెట్టి బయటికి పోయాడు. తెచ్చి దించుతుంటే ముందు వరుసల వాళ్లు తిరిగి నా కాళ్ల వంక చూశారు, చూసి ముఖాలు తిప్పుకున్నారు. చెవులకు ఏదో తగిలించుకున్న కుర్రాడు వచ్చి ఎవరూ శబ్దం చేయొద్దని చెప్పాడు. సరిత గులాబీరంగు సాటిన్ గౌనులో, బాపు మూడుసార్లు విప్పి కుట్టిన బుట్ట చేతులతో, వేదిక మీదికి వెళ్లింది. మొదటి వరుస పాడింది. ఆ గొంతుకు కుర్చీల్లోని ముగ్గురూ తలెత్తారు. అప్పుడు సరిత ఆగింది.

ఎందుకు ఆగిందో ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు. నేను అందుకోవాలి. పదాలు నా నోట్లోనే ఉన్నాయి. కానీ నోరు తెరిస్తే అందరూ మళ్లీ వెనక్కి తిరుగుతారు. ఒకరు పాడుతుంటే నోరు మూసుకోవాలని కూడా ఆ టీవీ ముందు కూర్చునే నేర్చుకున్నాను.

"మరిచిపోయావా తల్లీ?" అని అడిగింది కుర్చీలో ఉన్న ఆవిడ, మంచిగానే. "ఫర్వాలేదు, మళ్లీ మొదలుపెట్టు."

సరిత మళ్లీ మొదటి వరుస పాడింది. మళ్లీ ఆగింది. మూడోసారి కూడా అంతే. చేతులు ముందుకు పెట్టుకుని, లేని తాళాలు పట్టుకున్నట్టు పట్టుకుని, నేరుగా నా వంక చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. నేను తల వంచుకుని నా లంగా అంచు చూసుకున్నాను. బాగా సాధన చేసి వచ్చే ఏడు రమ్మని చెప్పి ఆ ముగ్గురూ చాక్లెట్ ఇచ్చి పంపించారు.

తిరుగు బస్సులో సరిత నా పక్కన కూర్చోలేదు. ఇంటికి రాగానే అవ్వ ఎదురొచ్చింది.

"ఏమైందే?"

"ఆగిన," అంది సరిత.

"ఆగితే? ఎవలు అందుకోలేదా?"

"అందుకునేటోళ్లు ఎవలు లేరు అవ్వా."

నేను అక్కడే, గోనెపట్టా మీద, రెండు మూరల దూరంలో ఉన్నాను. అవ్వ మాత్రం ఆ హాలును వదిలిపెట్టలేదు. "గంత మంది కుర్చీలేసుకోని కూసోని, పిల్లకు ఒక్క వరుస అందుకునే తెలివి లేదా? ఇగ వాళ్లేం జూస్తరు, వాళ్లేం జెప్తరు పాట గురించి?" అని వారం రోజులు తిట్టింది. ఆ తిట్లలో ఒక్కటి కూడా నాదని అవ్వకు తెలియదు.

సరిత తర్వాత అరుగు మీద ముందు పాడలేదు. గుంపులో కూర్చుని అందుకునేది, తర్వాత అదీ మానేసింది. అవ్వ పోయాక భజన పలచబడింది. పిల్లలకు తాళాలు పట్టుకోవడం కంటే మైకు పట్టుకోవడం ముద్దు. అదేం వాళ్ల తప్పు కాదు. అందరూ వినాలని ఎవరికుండదు? ఇప్పుడు మా గుళ్లో శనివారం పెన్‌డ్రైవ్ పాడుతుంది. దానికి ఊపిరి తీసుకునే పని లేదు, అందుకునేవాళ్లతోనూ పని లేదు. శ్రీనిధి ఫోన్లోని వాయిద్యాలు కూడా అంతే, ఎవరి కోసమూ ఆగవు. పిల్ల వాటి వెనక పరుగెత్తాలి. దాన్ని వింటుంటే నాకే ఆయాసం వచ్చింది. మా కాలం మంచిదని చెప్పడానికి నాకు నోరు రాదు. మా కాలంలోనే కదా అంతమంది మధ్య ఒక పిల్ల ఒంటరిగా నిలబడింది, నేను చూస్తూ ఊరుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం శ్రీనిధి పడుకుంది. సరిత చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను జాకెట్లకు హుక్కులు కుడుతున్నాను. సూది చేతిలో ఉంటే మాట వస్తుందని ఆశ.

"సరితా, ఆనాడు జనగామల నేను అందుకోవాల్సిందే."

దాని వేళ్లు ఆగలేదు. ఇంకో రెండు రాళ్లు ఏరి గడప అవతలికి విసిరింది.

"ఇప్పుడెందుకక్కా?"

"నువ్వు ఎందుకాగినవో నాకు తెల్సు. అందరు నా దిక్కు చూస్తరని సిగ్గయింది. అందుకే ఊకున్న."

"నీకు తెల్సని నాకు తెల్సు," అంది సరిత. "నువ్వు అందుకోలేదని కాదక్కా నా బాధ. మూడుసార్లు నీ దిక్కు చూసిన. నువ్వు తల వంచుకున్నవ్. గా ఒక్కటి."

"కోపముందా?"

"ఉండె. మస్తు ఉండె. పెండ్లయినంక గూడ ఉండె. వాళ్ల మీద ఏం లేదు, వాళ్లెవలో ఏందో. నీ మీదనే." చాట చెరిగి పక్కన పెట్టింది. "ఇప్పుడు ఇంటి పని, పిల్ల క్లాసులు, ఆయన డ్యూటీలు. కోపానికి గూడ ఓపిక ఉండాలె గద."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. క్షమించానని అది అనలేదు, నేను అడగలేదు. ఇన్నేళ్ల తర్వాత నా తప్పును నాకంటే సరిగ్గా చెప్పిన మనిషి ఎదురుగా ఉంది. అందుకు దేవుడికి మనసులో దండం పెట్టుకున్నాను.

బియ్యం గిన్నెలో పోస్తూ సరితే అంది, "రేపు మాతోటి రా అక్కా."

"నేనా? ఈ చక్రాల కుర్చీతోటా? నేనొచ్చి ఏం జేస్త? అక్కడ ఎవలు నోరు తెరువద్దు."

"నోరు తెరువకు. ఊకె కూసో. అది ఓడిపోతే నా దిక్కు చూస్తది. నేను చూడలేను అక్కా, నా తోటి కాదు. నువ్వు చూడు."

బాపు పోయాక నేను ఊరు దాటలేదు. పక్కింటి ఆటోలో జనగామ స్టేషనుకు పోయాం, అక్కడ ఎవరో కాలేజీ పిల్లలు కుర్చీతో సహా రైల్లోకి ఎత్తారు. పేర్లు అడగడం మరిచాను, వాళ్ల తల్లులు చల్లగుండాలి. హైదరాబాద్‌లో ఆ చోటికి చేరేసరికి నడుము రెండుగా విరిగినట్టయింది. తల్లిదండ్రులను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టారు. అవతల పిల్లలు పాడుతుంటే ఇవతల స్పీకర్లో వినిపిస్తుంది. మనం ఏమన్నా వాళ్లకు వినపడదు. ఈ కాలంలో నాలాంటిది అందుకుందామన్నా కుదరదు.

శ్రీనిధి మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా పాడింది. బాగా పాడింది. "చాలా చక్కగా పాడావమ్మా, కానీ..." అని కుర్చీలోని పెద్దాయన మొదలుపెట్టగానే సరిత వంగి, ఒళ్లోని బ్యాగులో ఏదో వెతకసాగింది. పిల్ల అద్దం వైపు తిరిగింది. నాకు నవ్వడం చేతకాలేదు, చెయ్యి ఊపాలని తోచలేదు. మెడ నొప్పెడుతున్నా ముఖం ఎత్తి చూశాను. రెప్ప వేస్తే తల వంచినట్టవుతుందేమోనని అట్లాగే చూశాను. పిల్ల కూడా చూసింది. వాళ్లకు దండం పెట్టి, మెట్లు దిగేదాకా నా వంకే చూసింది.

బయటికి వచ్చి నా కుర్చీ పిడి పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకుని చెయ్యి చాపాను.

"పెద్దమ్మా, ఆకలైతాంది," అంది.

సరిత వెతికిన బ్యాగులో నిజంగానే జొన్నరొట్టెలు ఉన్నాయి. గోడ నీడన కూర్చుని ముగ్గురం తిన్నాం. నేను రెండు తిన్నాను. పిల్ల మూడు తిన్నది.